ఇసాక్ కొలత

మదీనాబీకి అబద్ధమంటే పడదు. అలాగని ఆవిడేం మహా సత్యవంతురాలని కాదు. పెట్టె మీద రంగు ఆరిందా అని అడిగితే, ఆరకపోయినా ఆరిందనే చెప్పేది. కానీ కొన్ని అబద్ధాలుంటాయి, అవి ఇంట్లోకొచ్చి మంచం వాల్చుకుని పడుకుంటాయి. అలాంటిదొకటి ఆ ఏడు అనకాపల్లిలో ఆవిడ ఇంటికొచ్చింది, అదీ పూలదండ పట్టుకుని.

ఆవిడ మొగుడు నాగూర్ మీరాది రేకు పని. బెల్లం మార్కెట్టుకెళ్ళే దారిలో చిన్న కొట్టు. ఆయన రేకు కత్తిరించి, మడిచి, సీసంతో మాటు వేసి పెళ్ళి పెట్టెలు చేస్తే, వాటి మీద గులాబీలూ చిలకలూ వేసేదీ, మూత మీద పెళ్ళికూతురి పేరు రాసేదీ మదీనాబీ. ఎలమంచిలి నుంచి చీడికాడ దాకా ఆవిడ చేతి గులాబీ లేని పెట్టెతో కాపురానికెళ్ళిన పిల్ల తక్కువ. వాళ్ళకి ఒక్కడే కొడుకు, ఇసాక్. తండ్రి దగ్గర రేకు పని నేర్చుకుని, స్కూలు ఫైనలు ప్యాసై, ఎయిర్ ఫోర్సులో ఫిట్టరుగా చేరాడు. అక్కడ ఏం పని చేస్తావురా అని తల్లి అడిగితే, "నాన్న సేసే పనేనమ్మా. కాపోతే ఈ డబ్బా ఎగురుతాది" అన్నాడు.

అరవై అయిదు సెప్టెంబరు యుద్ధంలో ఆ ఇసాక్ పోయాడు. శత్రు విమానాలు వాళ్ళ ఎయిర్‌ఫీల్డు మీద బాంబులు వేస్తున్నాయట. బయట ఒక నాట్ ఫైటర్ విమానం ఉండిపోయింది. దాన్ని చాటుకి తొయ్యాలని, చక్రాలకి అడ్డం పెట్టిన దిమ్మలు లాగడానికి ఇసాక్ పరిగెత్తాడు. దిమ్మలు వచ్చాయి, విమానం దక్కింది, పిల్లాడు దక్కలేదు. ఈ సంగతంతా అతని సామాను పెట్టె తెచ్చి అప్పగించిన తోటి ఉద్యోగి కూర్చుని చెప్పాడు. ఆ విమానం మర్నాడే ఎగిరిందని కూడా చెప్పి వెళ్ళాడు. మదీనాబీ ఎంత ఏడ్చినా ఆ చివరి ముక్కని మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఊరి సంగతి వేరు. ఎయిర్ ఫోర్సులో పోయాడంటే ఊరికి ఒకటే అర్థం, విమానం నడుపుతూ పోయాడని. మొదటిరోజు టీ కొట్టు దగ్గర ఇసాక్ ఒక విమానం కూల్చాడు. వారం తిరిగేసరికి మూడు కూల్చాడు. గోరంతని కొండంత చెయ్యడానికి మనవాళ్ళకి ఒకరు నేర్పాలా? నాగూర్ మీరా ఆ టీ కొట్టులోనే కూర్చుని అంతా విన్నాడు. కాదు అనలేదు. పైగా ఆ రోజు నుంచీ వెన్ను కొంచెం నిటారుగా పెట్టి కూర్చోవడం మొదలెట్టాడు.

అప్పుడు వచ్చాడు త్రినాధరావు. పెద్ద బెల్లం వర్తకుడు, యుద్ధ నిధి కమిటీకి ప్రెసిడెంటు. చెడ్డవాడేం కాదు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. మంచివాళ్ళు మన మంచి కోరి ఒక మాట అనేస్తే, తిరిగి అనడానికి నోరు రాదు.

"మీరా మావా, డిసెంబర్లో సిపాయిల పతాక దినానికి స్టేషన్ రోడ్డు మలుపులో మోకాలెత్తు అరుగు కట్టిత్తన్నాం" అన్నాడు కూర్చుంటూ. "దాని మీద నాట్ ఇమానం మోడల్ ఎట్టాల. లోపల మీ ఇసాకు కూకోవాల, కళ్ళద్దాలూ టోపీ ఎట్టుకుని. అది నీ సేత్తోనే అవ్వాల."

అని ఒక కేలండరు బొమ్మ తీసి చేతిలో పెట్టాడు. అందులో గాగుల్స్ పెట్టుకున్న పైలట్ ఒకడు ఆకాశంకేసి చూసి నవ్వుతున్నాడు. లోపల రంగు కలుపుతున్న మదీనాబీ గుమ్మంలోకి వచ్చింది.

"మావోడు పైలట్ కాదు బాబూ. ఫిట్టరు."

"నాకు తెలుసమ్మా. ఊరికి తెలీదు గదా."

"మరి సెప్పండి ఊరికి."

త్రినాధరావు ఆవిడ మొగుడివైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కాలం బాగోలేదు మావా. యుద్ధం ఎవుల్తో అయ్యిందో నీకూ తెలుసు. నోటికొచ్చినట్టు వాగేవోళ్ళు ఉంటారు. మీవోడు పైలటని నాలుగు రోడ్ల మీద కూకున్నాడనుకో, ఇంక మీ పేటకేసి ఒక్కడు ఏలెత్తడు. మీ మంచికే సెప్తన్నాను."

మదీనాబీకి ఒళ్ళు మండిపోయింది. కొడుకు పోయిన రోజు కూడా ఆవిడకి ఇంత మంట పుట్టలేదు. ఆ రోజు దుఃఖం ఒక్కటే ఉంది.

"సచ్చిపోతే సాలదా బాబూ?" అంది. "ఎగరాల కూడానా?"

త్రినాధరావు తలొంచుకున్నాడు. అలాగే లేచి వెళ్ళిపోయాడు, కానీ కేలండరు బొమ్మ వదిలే వెళ్ళాడు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాల మధ్య పెద్ద గొడవైంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన దెప్పాడు. "పైలట్ తండ్రని నన్ను నలుగురూ అంటే నీకేటి నొప్పి?" అన్నాడు.

"నొప్పే. ఆడు సేసిన పని నీకు తక్కువగా కనిపిత్తందా? అది నీ పనేగా. నువ్వు నేర్పిందేగా."

ఆయన కేలండరు బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇమానం సెయ్యి. వద్దన్లేదు. మావోడు కాపాడిన ఇమానం అది. కానీ ఆణ్ణి అందులో కూకోబెట్టేవో, నాను రంగు ముట్టను" అని తేల్చి చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

సరే, విమానం మొదలైంది. కానీ కొలతలేవి? కమిటీ ఇచ్చింది కేలండరు బొమ్మ తప్ప మరేం కాదు. ఇసాక్ పెట్టెలో మాత్రం ఒక ఫోటో ఉంది. నాట్ పక్కన ఓవరాల్సులో నిలబడి, రెక్క మీద చెయ్యి వేసి దిగాడు. గేదె మీద చెయ్యి వేసిన రైతు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. ఆ ఫోటోలో నాగూర్ మీరాకి తెలిసిన కొలత ఒక్కటే, కొడుకు ఎత్తు. అయిదున్నర అడుగులు. ఎయిర్ ఫోర్సుకి ఎత్తు సరిపోతుందో లేదోనని ద్వారబంధానికి ఆనించి తనే కొలిచాడు. ఆ ఎత్తులో పావు వంతుకి ఒక సన్నటి రేకు ముక్క కత్తిరించాడు, రెండు జానలకి కాస్త తక్కువ. అదే కొల.

ఇక అన్నీ ఆ కొలతోనే. ఫోటోలో దారంపెట్టి చూస్తే విమానం పొడుగు అయిదు ఇసాక్‌లకి రవంత ఎక్కువ వచ్చింది. తోక ఎత్తు ఒకటిన్నర ఇసాక్. రెక్క ఇసాక్ భుజానికి సరిగ్గా సమం. "ముక్కు ఎంత?" అని మదీనాబీ అడిగితే "అర ఇసాక్" అనేవాడు ఆయన, మామూలుగా, అడుగూ అంగుళం చెప్పినట్టు. ఆవిడ అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

కిరసనాయిలు డబ్బాలు విప్పి, రేకు సాపు చేసి, లోపల ఇనప తీగతో పక్కటెముకలు కట్టి, పైన రేకు తొడిగాడు. వంపు దగ్గర రేకు మాట వినకపోతే తిట్టేవాడు, విన్నాక నిమిరేవాడు. పైలట్ కూర్చునే చోట గాజు మూత ఉండాలి కదా, దానికి డాక్టరు గారి దగ్గర పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, కడిగి, అద్దంలా చేసి వంచాడు. ఏడడుగుల విమానం కొట్లో పట్టక, ముక్కు బజార్లోకి వచ్చింది. బండ్లవాళ్ళు దాన్ని తప్పించుకుని పోతూ ఆగి ఆగి చూసేవాళ్ళు.

మదీనాబీ ఒంటినిండా వెండి రంగు వేసింది. రెక్కల మీద ఎయిర్ ఫోర్సు గుండ్రాల కోసం సాసరు బోర్లించి ఒక గీత, తన గాజు పెట్టి ఒక గీత, రూపాయి బిళ్ళ పెట్టి ఇంకో గీత గీసింది. బయట కాషాయం, లోపల తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. పెళ్ళి గులాబీలు వేసే చెయ్యి కదా, ఒక్క చుక్క అంచు దాటలేదు. అప్పటికే ఆవిడ ఒకటి చూసింది. అటక మీద పాత గుడ్డ కింద ఒక రేకు తలకాయ ఉంది, గాగుల్స్ పెట్టుకుని. మొగుడు తనకి తెలీకుండా చేసి దాచాడు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ఊరుకుందంటే, ఊరికే ఊరుకున్నట్టు కాదు.

పతాక దినానికి ముందురోజు మధ్యాహ్నం పని పూర్తయింది. నాగూర్ మీరా కింద పడ్డ తునకలన్నీ ఏరి డబ్బాలో వేస్తున్నాడు. కొల చేతికి వచ్చింది. ఆయన దాన్ని డబ్బా దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చాడు. ఇంకో చోట పెట్టబోయి, తీసేశాడు.

"ఏటది?" అంది మదీనాబీ.

"కొల."

"ఎవుడి కొల?"

ఆవిడ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని విమానం పక్కన, రెక్క దగ్గర నిలబెట్టింది. అంతే, ఆ డబ్బారేకు నిజంగా విమానమైపోయింది. ఎంత పెద్దదో, దాని పక్కన మనిషి ఎంతో, కంటికి తెలిసింది. ఆవిడ కొల తీసేసింది. మళ్ళీ తీర్థం జాతరలో అమ్మే బొమ్మయింది. మళ్ళీ పెట్టింది.

నాగూర్ మీరా సుత్తి కింద పెట్టేసి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. అన్నాళ్ళుగా టీ కొట్టులో నిటారుగా కూర్చుని దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. ఆవిడ ఆపలేదు. ఆయన ఏడవడం అయ్యేదాకా పక్కనే కూర్చుంది.

"దీన్నే మనిషిగా సెయ్యి, ఇసాక్ అబ్బా" అంది తర్వాత, ఇసాక్ తండ్రీ అని కొడుకు పేరు మీదే మొగుణ్ణి పిలుస్తూ.

"మనిషి బొమ్మ సెయ్యకూడదంటారు మన పెద్దోళ్ళు."

"అటక మీద దాసినదేటి మరి? మొకం ఎట్టకు. సెయ్యి ఎట్టు, సాలు."

ఆయన సిగ్గుపడి అటకకేసి చూశాడు. కొల చుట్టూ రేకు తొడిగి ఒళ్ళు చేశాడు, టోపీ పెట్టిన తల చేశాడు, కాళ్ళు చేశాడు, రెక్క మీదికి చాచిన చెయ్యి చేశాడు. కాళ్ళ కింద పీట కావాలి. అటక మీది తలకాయ తనే దించి, ఇనప దాగలి మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. గాగుల్సూ నవ్వూ సాపైపోయాయి. ఆ రేకునే ఇసాక్ పాదాల కింద మాటు వేశాడు. మదీనాబీ ఓవరాల్సుకి నీలం వేసి, ముఖం ఉత్తిగా వదిలేసి, చేతికి మాత్రం ఇంజను మసి అంటినట్టు నల్లగా పూసింది. పీట మీద రాసింది, 'ఫిట్టర్ ఇసాక్'.

మర్నాడు స్టేషన్ రోడ్డు మలుపులో జనం కిటకిటలాడారు. బేండు మేళం, మైకు, కాగితం జెండాలు. దుప్పటి కప్పిన విమానం అరుగు మీద ఉంది. త్రినాధరావు బారెడు చేమంతి దండ పట్టుకుని మైకులో, "మన ఊరి పైలట్ వీరుడు" అంటూ దుప్పటి లాగాడు.

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. మూత కింద సీటు ఖాళీగా ఉంది. చెరకు బండి తోలుకొచ్చి ముందు వరసలో నిలబడ్డ పరదేశి అనే రైతు మెడ చాచి చూశాడు.

"తోలేవోడేడి బాబూ? ఆ పక్కన నిలబడ్డోడెవులు?"

"మావోడు" అంది మదీనాబీ. మైకు లేకపోయినా అందరికీ వినిపించింది. "ఫిట్టరు. తోలేవోడు మర్నాడొచ్చేడు. బాంబులు పడినప్పుడు మావోడే ఉన్నాడు."

త్రినాధరావు ముఖం కందిపోయింది. మైకు మూసి, దగ్గరికొచ్చి, "పరువు తీసేత్తన్నారమ్మా. ఆ బొమ్మని తీసెయ్యండి. మిగతాది తరవాత సూసుకుందాం" అన్నాడు.

"అలాగే బాబూ. ఆడొచ్చేత్తే ఇమానం కూడా వచ్చేత్తాది. ఆడి ఎత్తుతో కొలిసి సేసేం దాన్ని. ఆడు లేపోతే అది ఒట్టి కిరసనాయిలు డబ్బా." మొగుడివైపు తిరిగింది. "పట్టు, ఇసాక్ అబ్బా."

నాగూర్ మీరా అందరూ చూస్తుండగా అరుగు ఎక్కి తోక పట్టుకున్నాడు. "ఎత్తీమంటారా బాబూ?" అన్నాడు. ఆయన వెన్ను అప్పుడు కూడా నిటారుగానే ఉంది.

ఊరు చూస్తోంది. పరదేశి తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. "ఉండనీండి బాబూ" అన్నాడు. "నిలబడ్డోణ్ణి తీసెయ్యడం ఏటి?" వెనకెవరో ఔనన్నారు. ఇంకెవరో ఔనన్నారు.

త్రినాధరావు చేతిలో దండ బరువుగా వేలాడుతోంది. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ దాన్ని పైకెత్తి ఖాళీ సీటుకేసి చాచాడు. వెయ్యడానికి అక్కడ మెడ లేదు.

"వొంగండి బాబూ" అంది మదీనాబీ. "ఎగిరేవోడికైతే సెయ్యెత్తి ఎయ్యొచ్చు. మావోడు నేల మీదున్నాడు."

ఆయన ఒక్క క్షణం ఆవిడకేసి చూశాడు. తర్వాత ఖద్దరు కండువా వెనక్కి సర్దుకుని, అనకాపల్లి బజారంతా చూస్తుండగా నడుం వంచి, మోకాళ్ళ దాకా వంగి, దండ వేశాడు. బారెడు దండ కదా, రెండు జానల ఇసాక్ టోపీతో సహా చేమంతుల్లో మునిగిపోయాడు. రెక్క మీద వేసిన నల్లటి చెయ్యి మాత్రం బయటే ఉంది.