దుర్గమ్మ మూతి మీద టేపు

పొద్దున్నే షాపు తీయగానే సత్యప్రియ ముందు చేసే పని కొబ్బరి పీచు దులపడం. అందులో ఇసుక రేణువు ఒక్కటున్నా దారి పొడుగునా ఫ్రేముని గీరుతూ పోతుంది. దులిపిన పీచుని పాత చీర ముక్కల్లో కుక్కి చిన్న చిన్న దిండ్లు కుడుతుంది. ఫ్రేము మూలలకి అట్ట టోపీలు, చుట్టూ బుడగల కవరు. దాన్నొక పెట్టెలో, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టి, రెండింటి మధ్యా ఈ దిండ్లు దూరుస్తుంది. ఆఖర్న చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల ఏదైనా కదిలితే మళ్ళీ మొదటికే.

కొత్తపేటలో నెట్ సెంటర్ పెట్టిన ఏడాది నుంచీ ఆమె ఊళ్ళోవాళ్ళ బొమ్మలు గీసి, ప్రింటు తీయించి, ఫ్రేము కట్టి, ఒక సైటులో అమ్ముతోంది. మనిషికి ఒక్కటే ప్రింటు. బొమ్మకి దారిలో ఏం జరిగితే మనిషికి ఇక్కడ అదే జరుగుతుంది కాబట్టి, రెండోది తీస్తే ఆ మనిషి రెండు చోట్ల నలగాలి. పడవ పోతురాజు పటం లారీలోంచి పడిన రోజున ఆయన మోచెయ్యి వాచింది. చేపల కాంతం పటం అద్దం పగిలితే సంతలో కూర్చున్న కాంతం చెంప తెగింది. అంతకు ముందురోజే "ఎందాకా వెళ్ళేరు కాంతంగారూ?" అని ఎవరో అడిగితే, "నాగపూర్ దాటేనేమోనండి, ఒకటే ఎండ" అంది.

అద్దం మీద కాగితపు టేపు అడ్డదిడ్డంగా అతికిస్తే, పగిలినా ముక్కలు రాలవు, బొమ్మ తెగదు. ఆ సంగతి సత్యప్రియకి తెలుసు. కానీ బతికున్న మనిషి మొహం మీద కొట్టివేత గుర్తేంటని కాంతం ఒప్పుకోలేదు.

రెండు పటాలూ వెనక్కొచ్చేక సైటువాళ్ళు ఫోను చేసేరు. ఇంకొక్కటి పగిలితే సత్యప్రియ పేరు తీసేస్తారట. పెట్టెలు విసిరేది వాళ్ళ లారీ, శిక్ష ఈమెకి. దోపిడీకి ఇప్పుడు కస్టమర్ కేర్ అని పేరు. సైటులో తన పేరు పోతే షాపు లేదు. షాపు లేకపోతే కువైట్‌లో ఇంటిపని. ఏజెంటు బంగారరాజు వీసా సిద్ధంగా ఉంచేడు.

అప్పుడొచ్చింది ఆర్డరు, బెంగళూరు నుంచి, సత్యప్రియ తల్లి దుర్గమ్మ పటానికి.

"నీది పంపనమ్మా."

"పంపక? కువైట్ పోయి ఎవరివో గిన్నెలు తోముతావా? ఒళ్ళు నాది. టేపు వెయ్యి."

"మూతి మీంచి పోతుందే."

"పోనీ. నా నోరు మూతపడాలని మీ నాన్న తిరగని గుడి లేదు. ఆయన మొక్కు ఇన్నాళ్ళకి తీరుతుంది."

'నోరులేనివాళ్ళకి నోరవుదాం' అని కాలేజీ గోడ మీద ఎర్రరంగుతో రాసింది సత్యప్రియే. ఇప్పుడు ఆమే టేపు చించింది. గంజి తాగడానికి మూతి చివర కొంచెం వదిలి, అతికించింది. ఎదురుగా స్టూలు మీద దుర్గమ్మ పెదాలు దగ్గరకొచ్చి, అలాగే ఉండిపోయేయి.

ఆ రోజు నుంచీ ఇంట్లో మాట లేదు. సత్యప్రియ తల్లినే చూస్తూ కూర్చుంది. ఒకసారి దుర్గమ్మ ఉన్నట్టుండి స్తంభాన్ని వాటేసుకుంది. సత్యప్రియ పరిగెత్తుకెళ్ళి ఒళ్ళంతా తడిమింది. గాయం లేదు. పెట్టెలో దిండ్లు కాపాడేయి. ఇంకోసారి మొహమంతా ఎర్రబడిపోయింది. పెట్టెని తలకిందులుగా పెట్టినట్టున్నారు. ఆ తర్వాత కదలికే లేదు. నెట్ సెంటర్లో చూస్తే 'దారిలో ఉంది' అన్నమాటే.

బంగారరాజు వచ్చేడు. "సాయంత్రం బస్సుకి హైదరాబాద్ వెళ్తున్నానమ్మా. పాస్‌పోర్టు ఇస్తే సరే, లేకపోతే వీసా కాట్రేనికోన అమ్మాయికి ఇచ్చేస్తాను. ఇంకా ఆపడం నావల్ల కాదు."

సత్యప్రియ డ్రాయరు తీసింది. ఆయన చెయ్యి చాపేడు. దుర్గమ్మ కూతురి మణికట్టు పట్టుకుంది, తల అడ్డంగా ఊపింది. అంతకంటే ఏమీ చెప్పలేదు పాపం.

చర్రుమని కాగితం చిరిగిన చప్పుడైంది. దుర్గమ్మ పెదాలు విడిపోయేయి.

"ఏం వెలుతురే అమ్మాయ్," అంది. తర్వాత బంగారరాజు వైపు తిరిగింది. "కూర్చోండి బాబూ. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టలేకపోయేను."

"ఆయ్, తీరిగ్గా తిట్టండి," అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ.

అంతలో దుర్గమ్మ మెల్లగా ఎడమవైపు ఒరిగింది.

"పడిపోతున్నావమ్మా."

"పడట్లేదు, వేలాడుతున్నాను."

సత్యప్రియ బెంగళూరుకి ఫోను కలిపింది. పటం కొన్న డాక్టరమ్మ తెలుగావిడే. "ఇప్పుడే గోడకి పెట్టేనమ్మా. చిన్న గీత కూడా పడలేదు."

"ఎడమవైపు కాస్త ఒరిగిందండి."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు. ఇటు దుర్గమ్మ కొద్దికొద్దిగా లేస్తోంది.

"ఇప్పుడూ?"

"ఇంకొంచెం," అంది దుర్గమ్మ. "ఇంకొంచెం. ఆయ్, చాలండి."

"మా ఆసుపత్రి గోడలన్నీ బోసిగా ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "మీ ఊళ్ళో మిగతావాళ్ళని కూడా ఇలాగే కట్టి పంపించు. రోజూ నేనే చూసుకుంటాను."

సత్యప్రియ డ్రాయరు మూసేసింది, పాస్‌పోర్టు లోపలే ఉంది.

బంగారరాజు లేచేడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కన పోతురాజు పటం ఓ పక్కకి వంగి ఉంటే, వేలితో సరిచేసి, చెప్పులు వేసుకున్నాడు.