తనిఖీ రోజున రానివాళ్ళు

ఆ ఉదయం యువజన సహాయ కేంద్రం గుర్తుపట్టలేనంతగా ముస్తాబైంది. గోడలకు కొత్త సున్నం, కిటికీలకు ఉతికిన తెరలు, వరండాలో కాలు జారేంతగా తుడిచిన నేల. లోపల పెద్ద గదిలో పిల్లలు వరుసగా, తల నున్నగా దువ్వుకుని, ముందు పుస్తకాలు తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. పట్టణ కౌన్సిల్ నుంచి పర్యవేక్షణ సంఘం తనిఖీకి వస్తున్న రోజు అది.

చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలను చేరదీసి, వాళ్ళ కష్టమేమిటో విని, పాఠాలు చెప్పి, మళ్ళీ బడికి పంపడం ఆ కేంద్రం పని. ఆ పని సవ్యంగా జరుగుతోందో లేదో చూడటం పర్యవేక్షణ సంఘం పని. ఆ సంఘానికి పెద్ద టైలరక్క. కుట్టు మిషను పక్కన పెట్టి కౌన్సిల్ సభ్యురాలై ఏళ్ళు గడిచినా అందరి నోటా ఆమె టైలరక్కే. ఆమెకూ ఆ పిలుపే ఇష్టం.

టైలరక్క పెట్టిన నియమం ఒకటుంది. ఎక్కడికి తనిఖీకి వెళ్ళినా వారం ముందే కబురు చేయాలి. దానికో కారణం ఉంది. ఒకప్పుడు ఆమె ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే రోజుల్లో అధికారులు చెప్పాపెట్టకుండా ఊడిపడి, శిష్యురాళ్ళందరి ముందూ ఆమెను చెడామడా తిట్టిపోశారు. ఆ అవమానం ఆమె మరిచిపోలేదు. తన చేతికి అధికారం వస్తే ఎవరికీ అలా తల కొట్టేసినట్టు కానివ్వకూడదని ఆనాడే అనుకుంది. మంచి మనసుతో పెట్టిన నియమమే అది, అందులో అనుమానం లేదు. కానీ మంచి మనసుతో చేసిన పనిని మళ్ళీ తిరగేసి చూసుకునే అలవాటు మనలో ఎంతమందికి ఉంది?

"ఈ కేంద్రం వల్ల నాకు చదువు మీద ధైర్యం వచ్చింది సార్," అన్నాడు ముందు వరుసలోని కుర్రాడు లేచి నిలబడి.

సంఘం సభ్యులు నవ్వారు. కుర్రాడు నాలుక్కరుచుకుని, "మేడమ్," అని దిద్దుకున్నాడు. పాపం, కౌన్సిల్ అధ్యక్షుడు వస్తాడనుకుని బట్టీ పట్టినట్టున్నాడు. టైలరక్క కూడా నవ్వి వాడి భుజం తట్టింది. పిల్లల మనసు తెలుసుకుని మాట్లాడే సలహాదారు అంటూ ఒకావిడను పరిచయం చేశారు. ఆవిడ నమస్కారం పెట్టి తల వంచుకుంది. అంతా బాగుంది.

బయల్దేరబోతూ టైలరక్క కేంద్రం ఇన్‌ఛార్జిని పక్కకు పిలిచింది.

"మా మేనకోడలు కనపడదేమండీ? రోజూ ఇక్కడికే వస్తోందిగా?"

"ఒంట్లో బాగోలేదని కబురు పెట్టింది మేడమ్. జ్వరమట," అన్నాడు ఇన్‌ఛార్జి కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆ పిల్ల టైలరక్క తమ్ముడి కూతురు. తమ్ముడు బస్సు డ్రైవరు. పిల్ల చదువులో చురుకే గానీ, కిందటేడు పరీక్ష హాల్లో చేతులు వణికి, రాయలేక, పరీక్ష తప్పింది. ఆ తర్వాత తరగతిలో పిల్లలు 'వణుకు' అని పేరు పెట్టారు. ఇంకేముంది, బడి మొహం చూడనంది. ఇంట్లో కూడా ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయింది. తమ్ముడు దిక్కుతోచక ఏడుస్తుంటే టైలరక్కే చెప్పింది: "మా కేంద్రానికి పంపరా. నేను కళ్ళారా చూస్తున్నాగా. నాదీ పూచీ." అక్క మాట మీద నమ్మకంతో పంపాడు. ఈ దారి కూడా మూసుకుపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ముగిసినట్టే.

సాయంత్రం టైలరక్క పళ్ళు కొనుక్కుని తమ్ముడింటికి వెళ్ళింది. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. మరదలు ఇంకా ఆసుపత్రి పని నుంచి రాలేదు. మేనకోడలు వంటింట్లో నిలబడి తండ్రి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"జ్వరంతో ఈ పనేమిటే? పడుకోక!"

"జ్వరమా? ఎవరికత్తా?"

టైలరక్క పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది.

"మరి కేంద్రానికి ఎందుకు రాలేదు?"

పిల్ల ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. తర్వాత మెల్లగా అంది: "మీరొచ్చే రోజున మమ్మల్ని రావద్దంటారుగా అత్తా."

"ఎవరిని?"

"మమ్మల్నందర్నీ. పక్క బడి నుంచి బాగా చదివేవాళ్ళని తెచ్చి కూర్చోబెడతారు. మేమైతే సరిగ్గా జవాబు చెప్పలేం కదా. నాకు చేతులు వణుకుతాయి. ఇంకో పిల్లాడు, ఎవరైనా గట్టిగా అడిగితే ఏడ్చేస్తాడు. చూడ్డానికి బాగుండదట."

"మరి ఆ సలహాదారావిడ?"

"అసలు మేడమ్ ఎప్పుడో మానేసింది. మీకు చూపించేది పక్క బడిలో లైబ్రరీ మేడమ్‌ని."

టైలరక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇన్నాళ్ళూ నాకొక్క మాట చెప్పలేదేమే?" అంది.

పిల్ల అత్త మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మీకు తెలుసనుకున్నా. మేం కనపడకపోతేనే మీకు బాగుంటుందేమో అనుకున్నా. ఇంక నేను వెళ్ళనత్తా. ఎక్కడికెళ్ళినా అంతే."

నలుగురి ముందూ ఎవరూ చిన్నబోకూడదని తాను పెట్టిన నియమమే ఇంతమంది పిల్లల్ని గుట్టుగా చిన్నబుచ్చిందని ఆ వంటింట్లో టైలరక్కకు అర్థమైంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా కేంద్రానికి వెళ్ళింది. తెరలు మడిచి దాచేశారు. పిల్లలు తలో మూలా ఎవరికి వారే కూర్చున్నారు. సలహాదారు గదిలో విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆమెను చూడగానే ఇన్‌ఛార్జి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నన్నేం చేసినా సరే మేడమ్, ఒక్క మాట వినండి," అన్నాడు. "ఆవిడ మానేయగానే పోస్టు ఖాళీగా ఉందని కౌన్సిల్‌కి చెప్పాను. నడపడం చేతకాకపోతే మూసేద్దాం అన్నారు. మూసేస్తే ఈ పిల్లలెక్కడికి పోతారు? కనీసం కూర్చోడానికి ఓ గదైనా మిగులుతుందని నోరు మూసుకున్నాను."

టైలరక్క అతన్ని కడిగేయాలని వచ్చింది. కానీ ఆ మాట ఏ సమావేశంలో అన్నారో ఆమెకు గుర్తొచ్చింది. అన్నది అధ్యక్షుడే అయినా, పక్క కుర్చీలో కూర్చుని తలూపింది తనే. ఆ తర్వాత తనిఖీలో సలహాదారు కనపడేసరికి ఖాళీ నిండిందనుకుంది. తిట్టడానికి మొహం చెల్లలేదు. ఆ విరిగిన కుర్చీలు బయట వేయించి, గది ఊడ్పించి వెళ్ళిపోయింది.

కౌన్సిల్ సమావేశం రోజున, ఆమె కేంద్రం సంగతి ఎత్తబోతోందని తెలిసి, అధ్యక్షుడు ఆమెను ముందే తన గదికి పిలిచి టీ ఇప్పించాడు.

"అక్కా, ఎన్నికలు దగ్గర పడ్డాయి. అంతా బ్రహ్మాండంగా ఉందని పోయినసారి చెప్పింది నువ్వే. ఇప్పుడు లేదంటే నవ్వేది నిన్ను చూసే. ఆ పోస్టేదో చప్పుడు లేకుండా నింపేద్దాంలే. నలుగురిలో ఎందుకు?"

ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. చప్పుడు లేకుండా పని జరిగితే తన పరువూ దక్కుతుంది. టైలరక్క చేతిలోని టీ చల్లారిపోయింది. ఆ కప్పు అలాగే బల్ల మీద పెట్టి సభలోకి నడిచింది.

"కేంద్రం బాగుందని ఇన్నాళ్ళూ మీకు చెప్పింది నేనే," అని మొదలుపెట్టింది. "అది నిజం కాదు. అక్కడ పిల్లల కష్టం వినే మనిషి లేదు. నేను చూసిన పిల్లలు అక్కడి పిల్లలే కాదు. నాకు అబద్ధం చూపించారని ఇన్‌ఛార్జి మీద నేరం మోపి చేతులు దులుపుకోవచ్చు. కానీ అతను నిజం చెప్పిన రోజున మూసేస్తామని బెదిరించింది మనం. నిజం చెప్తే శిక్ష, అబద్ధం చెప్తే శభాష్. ఇంక నిజమెవరు చెప్తారు? మనం వస్తున్నామంటే అక్కడ పిల్లల్ని దాచేస్తున్నారు. వణికే పిల్ల, ఏడ్చే పిల్లాడు కనపడితే మనకు బాగుండదట. అయ్యా, వాళ్ళకోసమే కదా ఆ తలుపులు తెరిచాం! లోటు కనపడకుండా చూసుకోవడం పర్యవేక్షణ కాదు. లోటు ఎక్కడుందో వెతికి, చెప్పినవాళ్ళను కాపాడి, దాన్ని పూడ్చేదాకా ఊరుకోకపోవడమే పర్యవేక్షణ. ముందే కబురు చేసి వెళ్ళాలన్న నా నియమాన్ని ఈ రోజే రద్దు చేయండి. ఖాళీ ఉందని చెప్పినవాళ్ళకు మనిషిని పంపండి, బెదిరింపు కాదు. ఇది చేయలేకపోతే ఈ సంఘానికి వేరే పెద్దను చూసుకోండి."

సభలో కొందరు గొణిగారు. ఒకాయన నిజంగానే నవ్వాడు. అధ్యక్షుడికి పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. అయినా చేతులు ఎత్తమన్నప్పుడు ఒక్కొక్కటిగా లేచాయి. నవ్విన పెద్దమనిషి చెయ్యి మాత్రం చివరిదాకా లేవలేదు.

కొత్త సలహాదారు వచ్చింది. తమ్ముడు కూతుర్ని బతిమాలి, బామాలి, "ఒక్కసారి వెళ్ళి చూడమ్మా, నచ్చకపోతే మానెయ్యి," అని ఒప్పించాడు. పిల్ల సరేనని అనలేదు, కాదనీ అనలేదు. అక్కకు ఫోన్ చేసి, "ఇంతకంటే నావల్ల కాదక్కా," అన్నాడు.

ఆ మర్నాడు టైలరక్క కబురు లేకుండానే కేంద్రానికి వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. పిల్లలు వస్తున్నారు. మేనకోడలు కూడా వచ్చింది. గేటు తీసి రెండడుగులు వేసి, అత్తను చూసింది. చూడగానే వెనక్కి తిరిగింది.

టైలరక్క చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, రోడ్డు మీద పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే?"

"మీరొచ్చారుగా. ఇవాళ మేం ఉండకూడదేమో అని..."

టైలరక్కకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా తుడుచుకోలేదు.

"తప్పు చేశాను తల్లీ," అంది. "ఆ గది మీది. నేను చూసిపోవడానికి వచ్చినదాన్ని. మనలో ఎవరైనా బయట నిలబడాల్సి వస్తే అది నేను. నువ్వు కాదు."

పిల్ల ఒకసారి అత్తను, ఒకసారి గేటును చూసింది. తర్వాత నెమ్మదిగా లోపలికి నడిచింది. ఆమె వెళ్ళి తన చోట కూర్చునేదాకా టైలరక్క గేటు బయటే నిలబడింది.