తీసేసిన దగ్గులు

దగ్గు రావడానికి ముందు గొంతులో ఒక చిన్న ఎగఊపిరి పుడుతుంది. దగ్గుతో పాటు దాన్నీ కోసెయ్యాలి. అది మిగిలిపోతే, ఏదో రాబోయి ఆగిపోయిందన్న అనుమానం వినేవాణ్ని పట్టుకుంటుంది. రేడియోలో పనిచేసే కత్తెర ఆ పొద్దున్న అలాంటి ఎగఊపిరి ఒకటి దొరకబుచ్చుకున్నాడు. కంప్యూటర్ తెర మీద దాని మొదలూ చివరా చూసుకుని మీట నొక్కాడు. ఫ్యాక్టరీ గోడ పక్కనే కాపురముండే హమాలీ దగ్గకుండా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఉతికిన బట్టలు ఆరేలోపే మళ్లీ ఉతకాల్సి వస్తోందని చెబుతున్నాడతను, పుట్టి బుద్ధెరిగి జలుబైనా ఎరగని మనిషిలా.

బ్లేడుతో టేపు కోసి, అంటించి, కార్యక్రమాలు తయారుచేసే రోజుల్లో పెట్టిన పేరు కత్తెర. టేపులు పోయాయి, బ్లేడు పోయింది, పేరు మాత్రం జిగురులా అంటుకుని ఉండిపోయింది. పొడుగాటి మనిషి. కుర్చీకి సరిపోయేలా వంగీ వంగీ, నిలబడినా కూర్చున్నట్టే కనబడతాడు. హెడ్‌ఫోన్లు నొక్కుకున్న చోట తల మీద జుట్టు అణిగిపోయి, పొలంలో కాలిబాటలా ఒక దారి పడింది. ఆ హెడ్‌ఫోన్ల మెత్తలు చిరిగితే అతని భార్య పాత దుప్పటి ముక్కతో తొడుగులు కుట్టిచ్చింది.

రేడియో అంటే పెద్ద భవనం అనుకునేరు. టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు మీద రెండు గదులు. గోడలకు కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు. ఉన్న ఒక్క కిటికీకీ చెక్కలు కొట్టి, సందుల్లో దూది కూరారు. కింద గాలి కొట్టే మెషిను మొదలైతే పైన రికార్డింగు ఆగాలి. యూనియన్ సభ అయినా, నది ఇసుక తవ్వకాల మీద చర్చ అయినా, భూమి పోగొట్టుకున్నవాళ్ల గోడు అయినా, ఎవరిదో లారీ టైరు నిండేదాకా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ప్రకటనలు తీసుకోని రేడియో అది. ఊళ్లో పత్రికలకు ఫ్యాక్టరీ పొగ కనబడేది కాదు. కళ్లు మంచివే, కళ్లద్దాలు ఫ్యాక్టరీవాళ్లు కొనిచ్చినవి. ఆ పొగను పొగ అన్నది ఇన్నేళ్లలో ఈ రెండు గదులే.

ఆ రెండు గదులనూ నడిపేది లాయరమ్మ. ఒకప్పుడు ఫ్యాక్టరీ కూలీల తరఫున వాదించి, ఓడిపోయి, జడ్జీ వినకపోతే జనమే వింటారని నల్లకోటు విప్పి మైకు పట్టుకుంది. దగ్గులు తీసెయ్యమన్న నియమం ఆవిడదే. "మనవాళ్లను రోగిష్టివాళ్లలా వినిపించకూడదు మాస్టారూ. జాలి మనకొద్దు. మాట నిలబడితే చాలు," అంది మొదట్లోనే. మంచి మాటే. కత్తెరకు అది ఎంతో గొప్పగా తోచింది. అప్పటి నుంచీ ఎవరి దగ్గునూ గాలిలోకి వెళ్లనివ్వలేదు. అయితే కోసినవి పారేసే అలవాటు అతనికి లేదు. అతుకు దగ్గర ఊపిరి చప్పుడు అవసరమైతే వాటిలోంచే తీసుకోవాలి. అందుకని దగ్గులూ, నిట్టూర్పులూ, గుటకలూ ఎవరివి వాళ్ల పేరున కంప్యూటర్లో ఒక మూల దాచేవాడు. ఆ మూల ఏది ఎక్కడుందో అతనికొక్కడికే తెలుసు.

ఆ రోజు కార్యక్రమం పొగ గురించే. ఇన్నేళ్లలో పొగ మీద మాట్లాడినవాళ్ల గొంతులన్నీ ఏరి ఒక్క గంటలోకి కూర్చాలి. సాయంత్రం నాలుగింటికి ప్రసారం. మామూలు రోజే. కాకపోతే అతని భార్య తమ్ముడు వ్యాను తీసుకుని వచ్చేదీ నాలుగింటికే.

పొద్దున్న ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు భార్య కిటికీ దగ్గర ఉంది. కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. అయినా కింద సందులోంచి మసి వస్తుందని, రోజూ ఒక తెల్లగుడ్డ తడిపి, తాడులా మెలిపెట్టి అక్కడ కుక్కుతుంది. సాయంత్రానికి అది ఎండి నల్లబడుతుంది. మళ్లీ ఉతుకుతుంది. "నేను దీన్ని ఉతుకుతున్నానో, ఇది నన్ను ఉతుకుతోందో," అంటుంది నవ్వుతూ. నవ్వితే దగ్గు వస్తుంది. గోడ పట్టుకుని నిలబడుతుంది.

"మందులు నేను రాయగలను, గాలి రాయలేను," అన్నాడు డాక్టరు. ఈ చలికాలం ఇక్కడే గడిపితే మళ్లీ తన దగ్గరికి రావాల్సిన పని ఉండదన్నాడు. తమ్ముడి ఊరు ఎగువన ఉంది, ఒక రాత్రంతా ప్రయాణం. అక్కడ కిటికీలు తెరుచుకుంటాయి. ఇద్దరం పోదామంది ఆమె. పోదామన్నాడు అతను. వచ్చే వారం లాయరమ్మకు చెప్తానన్నాడు. ఆ వచ్చే వారం ఎండాకాలంలో మొదలై ఇప్పటికీ రానేలేదు.

"ఇవాళ చెప్తారు కదూ?" అంది గుడ్డ పిండుతూ.

"చెప్తాను. మధ్యాహ్నానికి పని ముగించి వచ్చేస్తాను."

"నోరు తెరిచి చెప్పండి. మీరు గొంతు సవరించుకునేలోపు ఆవిడ నాలుగు మాటలు మాట్లాడి పంపించేస్తుంది."

"చెప్తానన్నానుగా."

"మీ బట్టలు సర్దేశాను. మీరొచ్చినా రాకపోయినా అవొస్తాయి. వాటికైనా కాస్త మంచి గాలి తగలనివ్వండి."

ఇంట్లో మసి రాకుండా మూసిన కిటికీ, ఇక్కడ చప్పుడు రాకుండా మూసిన కిటికీ. ఈ రెంటి మధ్య నడిచే దారిలో మాత్రమే అతనికి ఆకాశం కనిపించేది. అదీ బూడిదరంగులో.

లాయరమ్మ ఎండెక్కాక వచ్చింది. చేతిలో కాగితాలు, చెవి మీద పెన్ను, వస్తూనే మాట. ఆవిడ కుర్చీలో కూర్చోగానే కత్తెర హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "లాయరమ్మగారూ, ఒక విషయం," అన్నాడు. కింద గాలి మెషిను మొదలైంది. లాయరమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని, ఆగండన్నట్టు చూసింది. రికార్డింగేమీ జరగడం లేదు. అయినా ఆ మెషిను మోగితే ఇద్దరూ మాట ఆపేస్తారు, అంత అలవాటైపోయింది. అది ఆగేసరికి ఆవిడకు ఫోను వచ్చింది. ఫోన్లు మెట్ల దగ్గర రేకు పెట్టెలో పెట్టాలన్నది ఇంకో నియమం. ఆవిడ మెట్లు దిగి వెళ్లింది. కత్తెర కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే, కూర్చోగానే అతని ప్రాణానికి హాయిగా అనిపించింది.

మధ్యాహ్నానికి పని ముగిసింది. అన్ని గొంతులూ వరసలో కూర్చున్నాయి. శుభ్రంగా, కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. ఇక ఒక్కసారి మొత్తం విని, లాయరమ్మకు అప్పగించి, ఆ ఒక్క మాటా చెప్పి ఇంటికి వెళ్లడమే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినసాగాడు. హమాలీ అయిపోయాడు. బడిపంతులు అయిపోయాడు. ఆ తర్వాత ఒక ఇల్లాలు.

ఆ ఇల్లాలు అతని భార్యే. రెండేళ్ల కిందట లాయరమ్మ వీధుల వెంట మైకు పట్టుకుని తిరిగినప్పుడు ఆమె కూడా మాట్లాడింది. ఇంట్లో కూర్చుని ఇద్దరూ ఆ కార్యక్రమం విన్నారు. మాట తడబడకుండా, ఊపిరి తెగకుండా, గలగలా సాగిపోయింది. విన్నాక ఆమె కాసేపు రేడియో వైపే చూసింది.

"ఎవరండీ ఈవిడ?" అంది.

"నువ్వేగా."

"నేనేంటి? ఈవిడకు ఏ జబ్బూ ఉన్నట్టు లేదు. ఇంత ఆరోగ్యంగా ఉన్నావిడ పొగ గురించి చెబితే ఎవరైనా నమ్ముతారా?"

అప్పుడు అతను నవ్వేశాడు. మాట నిలబడాలి కదా అన్నాడు. ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గొంతు చెవుల్లో గలగలా సాగుతుంటే కత్తెర ఆపి, మళ్లీ మొదటి నుంచి విన్నాడు. ఈ రెండేళ్లలో ఇంట్లో ఆమె ఒక్క వాక్యమైనా ఆగకుండా పూర్తిచేసిందా? దగ్గు రాకుండా ఒక్క పూటైనా అన్నం తిన్నదా? పొగను పొగ అని చెప్పిన రేడియోలో, పొగ చేసిన పనంతా తన చేతులతో తుడిచిపెట్టాడు. ఫ్యాక్టరీవాళ్లు డబ్బిచ్చి చేయించుకోవాల్సిన పని, తను ఉత్త పుణ్యానికి చేసిపెట్టాడు.

గోడ గడియారం చూశాడు. ఇప్పుడు లేస్తే ఇంటికి చేరతాడు. వ్యాను కన్నా ముందే చేరతాడు.

లేవలేదు. దాచిన మూల తెరిచి ఆమె దగ్గులు బయటికి తీశాడు. ఏ మాట దగ్గర ఏ దగ్గు కోశాడో వెతుక్కుంటూ ఒక్కొక్కటే తిరిగి పెట్టసాగాడు. తీయడం తేలిక. పెట్టడమే కష్టం. ఒక పొడి దగ్గు 'మా ఇల్లు' అన్న మాట తర్వాతది. గుండెలోంచి తన్నుకొచ్చిన పెద్దది 'రాత్రిళ్లు' అన్న చోటిది. ఆమెవి అయ్యాక హమాలీవి, ఆ తర్వాత పంతులువి. ఇంకొక్కటి పెట్టి లేస్తానని ప్రతి దగ్గుకూ అనుకున్నాడు. చిట్టచివర ఫ్యాక్టరీ అధికారి వచ్చాడు. అది పొగ కాదు, ఆవిరి అని చెప్పడానికి అప్పట్లో ఆయన ఈ గదికే వచ్చాడు. చెబుతూ చెబుతూ ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. ఆ ముక్క తీసెయ్యండి ప్లీజ్ అని బతిమాలాడు. కత్తెరకు పక్షపాతం లేదు, ఆయనదీ తీసేశాడు. ఇప్పుడూ పక్షపాతం చూపలేదు. ఆయన దగ్గు ఆయనకు ఇచ్చేశాడు.

అది పూర్తయ్యేసరికి ప్రసారం వేళైంది. లాయరమ్మ పరుగున వచ్చి మైకు ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్పి, కార్యక్రమం మొదలుపెట్టింది.

మొదటి దగ్గుకు ఆవిడ చటుక్కున తలెత్తి గాజుపలక అవతలి నుంచి కత్తెర వైపు చూసింది. ఆవిడ చెయ్యి ఆపే మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. పంతులు దగ్గాడు. ఇల్లాలు దగ్గింది. 'రాత్రిళ్లు' అని, ఆగి, ఆ పెద్ద దగ్గు దగ్గి, ఊపిరి కోసం వెతుక్కుని, 'కూర్చునే పడుకుంటానండీ' అంది. లాయరమ్మ చెయ్యి మీట మీది నుంచి మెల్లగా ఒళ్లోకి దిగింది. చివర్లో ఆ అధికారి "అది పొగ కాదండీ, ఉత్త ఆవి..." అని, దగ్గి, మళ్లీ దగ్గి, "...రి" అన్నాడు. లాయరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వో ఏడుపో కత్తెరకు అంతుపట్టలేదు.

కార్యక్రమం ముగిశాక తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"ఇన్నాళ్లూ తప్పు చేశాను కదా మాస్టారూ?"

"నేనూ చేశానండీ."

"ఆ ఆవిరాయన రేపు నోటీసు పంపిస్తాడు. పంపనివ్వండి. దగ్గు మీద అభ్యంతరం ఎలా రాస్తాడో చూస్తాను." ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. కోర్టులో గెలిచి ఉంటే అలాగే మెరిసేవేమో. "పై వారం నుంచి పాతవన్నీ మళ్లీ వేద్దాం, దగ్గులతో సహా. అవి ఎక్కడున్నాయో మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఉంటారుగా?"

"మా ఆవిడ..." అన్నాడు కత్తెర.

"ఆ గొంతు ఆవిడదేగా! ఎంత గట్టి మనిషండీ. ఎలా ఉంది?"

కింద మెషిను మోగలేదు. ఫోను రాలేదు. లాయరమ్మ కూడా, ఎన్నడూ లేనిది, ఊరుకుని అతని మాట కోసం చూస్తోంది. పొద్దుటి నుంచి నాలుక మీద పెట్టుకుని తిరిగిన మాటకు అంతకన్నా మంచి సమయం దొరకదు. వెళ్లాలని ఉంది. కానీ ఈ కుర్చీ లేకపోతే తను ఎవరో అతనికి తెలియదు. ఎగువ ఊళ్లో కోసేందుకు ఏమీ ఉండదు, అతికేందుకూ ఉండదు.

"ఉంటానండీ," అన్నాడు.

మెట్లు దిగి, రేకు పెట్టెలోంచి ఫోను తీసుకుని, చూడకుండా జేబులో వేసుకున్నాడు. ఇంటి దాకా గబగబా నడిచాడు. ఎందుకు గబగబా నడుస్తున్నాడో మటుకు తెలియలేదు.

పక్కింటి పిన్నిగారు తాళం చెవితో గుమ్మంలోనే ఎదురైంది.

"ఇప్పుడే వెళ్లింది నాయనా. వ్యాను వచ్చి నిలబడ్డా, రేడియో అయ్యేదాకా కదలనంది. తన గొంతు రాగానే 'పిన్నిగారూ, విన్నారా, ఇది నేనే' అని ఎంత నవ్విందనుకున్నావ్! నవ్వితే మళ్లీ దగ్గు. రేడియోలో ఒకటి, ఇంట్లో ఒకటి."

కత్తెర తాళం చెవి కోసం చెయ్యి చాపాడు.

"అది అయ్యాక లేచి, నీ సంచీ విప్పి బట్టలన్నీ కొక్కేలకు తగిలించింది. ఏంటమ్మా ఇది అంటే, 'ఆ దగ్గులన్నీ తిరిగి పెట్టాలంటే పొద్దున్నించీ కూర్చుని ఉండాలి పిన్నిగారూ, ఇక ఆయన రారు' అంది."

"కోపంగా ఉందా?"

"కోపమొస్తే ఆయాసమొస్తుందని ఎప్పుడో మానేసింది కదయ్యా."

తాళం తీసి లోపలికి వెళ్లాడు. రేపు తొడుక్కోవాల్సిన చొక్కా అన్నిటికన్నా ముందు కొక్కేనికి ఉంది. ఆమె మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. గదిలో చప్పుడంటూ ఏదీ లేదు. జీవితమంతా గొంతుల మధ్య సందులు పూడ్చిన మనిషికి దీన్ని పూడ్చడానికి ఏమీ తోచలేదు. మంచం అంచు మీద కూర్చుని ఏడ్చాడు.

తలెత్తేసరికి కిటికీ కనబడింది. పొద్దున్న పెట్టిన గుడ్డ ఈపాటికి ఎండి నల్లబడి ఉండాలి. కింది సందులో కుక్కిన గుడ్డ తెల్లగా, అప్పుడే మెలిపెట్టినట్టుగా ఉంది, దాని కొస నుంచి నీళ్లింకా బొట్టు బొట్టుగా నేల మీదికి జారుతున్నాయి.