తాబేలమ్మ నాలుగో బొమ్మ

రోజూ ఎనిమిదింటికల్లా టీచరు జిగురు ఉడికించేది. మైదాపిండి నీళ్ళలో కలిపి, ఉండ కట్టకుండా గరిటె తిప్పి, చల్లారాక పద్నాలుగు సీసా మూతల్లో పోసేది. పద్నాలుగు మంది పిల్లలకి తలా ఒక మూత, మొనలేని కత్తెర, నాలుగు గడులు గీసిన పొడుగాటి అట్ట. ముందు పాట పాడించేది. తర్వాత ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అని అడిగేది. ఆ తర్వాతే బొమ్మలు కత్తిరించి వరసగా అతికించమనేది.

ఆ గదిలో అతికించిన బొమ్మలు, జిగురు ఆరాక, అదే వరసలో నిజంగా జరిగేవి. కాబట్టి వరస నేర్పడం అక్కడ ఆషామాషీ వ్యవహారం కాదు. కిందటేడు ఒక పిల్లాడు మేజోళ్ళకంటే ముందు బూట్లు అతికించేశాడు. టీచరు చూసేసరికి జిగురు ఆరిపోయింది. వాడి తండ్రి ఇప్పటికీ బూట్ల మీద మేజోళ్ళు తొడుక్కుని ఆఫీసుకి వెళ్తున్నాడు. మేజోళ్ళు తొందరగా చిరుగుతున్నాయన్న బాధ తప్ప ఆయనకి వేరే ఇబ్బందేమీ లేదు.

ఇబ్బందల్లా హెడ్‌మిస్ట్రెస్‌కే. ఆవిడకి ఈ టీచరంటే ఒళ్ళుమంట. స్కూలు ఆవిడది, టీచరు ఆవిడ తమ్ముడి పెళ్ళాం. ఉండేది ఒకే ఇంట్లో. స్కూల్లో మేడం అనాలి, ఇంట్లో వదినా అనాలి. చీవాట్లకి మాత్రం తేడా లేదు. తమ్ముడు ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, చివరికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాడు.

"బల్లల నిండా జిగురు, నేల నిండా కాగితాలు. ఇది స్కూలా, టైలరు కొట్టా?" అనేది ఆవిడ.

"పిల్లలకి కథ నడక తెలియాలంటే చేత్తో పేర్చి చూసుకోవాలి మేడం."

"తాతకి దగ్గులు నేర్పకు."

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఆవిడ తేల్చేసింది. శుక్రవారం తల్లిదండ్రుల ఎదుట పిల్లలకి పరీక్ష. తప్పితే సోమవారం నుంచి క్లాసుకి కొత్త టీచరు వస్తుంది, పాత టీచరు ఇంట్లో కూర్చుని కూరలు తరుక్కోవచ్చు. తమ్ముడు పేపరు ఇంకాస్త పైకెత్తాడు. పదకొండేళ్ళుగా టీచరుకి తనదంటూ ఉన్నది ఆ ఒక్క గదే.

శుక్రవారం తల్లిదండ్రులు వచ్చి, పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. వాళ్ళ పక్కన ఇస్త్రీ మడత నలగకుండా కొత్త టీచరు కూడా కూర్చుంది. అందరికీ స్కూలు కరపత్రాలు పంచారు, పిల్లల బల్లల మీద కూడా పడేశారు. వాటి మీద హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతున్న ఫొటో ఉంది. ఆ నవ్వు తెప్పించడానికి ఫొటోగ్రాఫరు ఎన్ని తిప్పలు పడ్డాడో ఏమో.

పిల్లలు పాట అందుకున్నారు.

తాబేలమ్మ తయారైంది,
బజారెళ్ళి బంతి కొంది,
వానొస్తే వడివడిగా
ఇంటికొచ్చి పడుకుంది.

బొమ్మలు హెడ్‌మిస్ట్రెస్సే స్వయంగా పంచింది. కాసేపటికి, అందరూ చిట్టెలుక అని పిలిచే పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, తాబేలు పడుకునే బొమ్మ లేదు."

టీచరు చూసింది. ఎవరి దగ్గరా నాలుగో బొమ్మ లేదు. హెడ్‌మిస్ట్రెస్ హ్యాండ్‌బ్యాగు జిప్పు సరిగ్గా పడలేదు, లోపలినుంచి బొమ్మల అంచులు కనిపిస్తున్నాయి.

"మేడం, ఒక్కో బొమ్మ తక్కువైంది," అంది టీచరు.

"నేను లెక్కపెట్టే ఇచ్చాను. పరీక్ష నడుస్తుంటే నువ్వు మాట్లాడకు," అని హెడ్‌మిస్ట్రెస్ పిల్లలకి వీపు తిప్పి, అచ్చు పుస్తకాల గొప్పతనం గురించి తల్లిదండ్రులకి చెప్పడం మొదలుపెట్టింది.

చిట్టెలుక ఊరుకునే రకం కాదు. నాలుగో గడిలో రంగు పెన్సిలుతో మంచం గీసింది, దిండు కూడా పెట్టింది. మంచం మీద ఎవరో ఒకరు పడుకోవాలి కదా. కరపత్రంలోంచి హెడ్‌మిస్ట్రెస్‌ని కత్తిరించి, దిండు మీద తల ఆనేలా అతికించింది. పక్కవాళ్ళని చూసి చెయ్యడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. అయిదు నిమిషాల్లో పద్నాలుగు మంచాల మీద పద్నాలుగు మంది హెడ్‌మిస్ట్రెస్‌లు నవ్వుతూ పడుకున్నారు.

జిగురు ఆరడానికి పది నిమిషాలు పడుతుంది. టీచరు చిట్టెలుక అట్ట మీదికి వంగి, ఫొటో అంచు కింద గోరు దూర్చింది. అంచు కొద్దిగా లేచింది.

"ఈవిడకి మొదలుపెట్టడమే గానీ ముగించడం చేతకాదు," అంటోంది హెడ్‌మిస్ట్రెస్ అటువైపు తిరిగి. "మా తమ్ముడి మొహం చూసి ఇన్నాళ్ళూ భరించాను."

తల్లులు కొందరు నవ్వారు. టీచరు గోరు వెనక్కి తీసుకుంది.

"కరెక్టేనా టీచర్?"

"కరెక్టే తల్లీ. నాలుగోది నాలుగోదే."

కాసేపటికి ఒక తాబేలు మెడ చాచుకుని గేటు దాటింది. ఎదురుగా ఉన్న కొట్లో బంతి కొనుక్కుంది. వాన పడింది. హెడ్‌మిస్ట్రెస్ మాట మధ్యలో ఆపి, బ్యాగు భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా వడివడిగా ఇంటివైపు నడిచింది. తల్లిదండ్రులు కిటికీలోంచి చూసి, వరస ఎక్కడా తప్పలేదన్నారు. కొత్త టీచరు వాన తగ్గేదాకా ఆగి వెళ్ళిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ మళ్ళీ స్కూలు మొహం చూడలేదు. జబ్బేమీ లేదు. తింటుంది, మాట్లాడుతుంది, తిడుతుంది. స్కూలుకని లేచి గుమ్మందాకా వస్తే చాలు, కాళ్ళు వాటంతటవే మంచం దగ్గరికి తిరిగిపోతాయి. పొద్దున్నే అన్నం పెట్టి వెళ్ళే పని టీచరు మీద పడింది.

మూడో వారంలో, చిట్టెలుక అట్ట సంగతి ఎవరి ద్వారానో తెలిసి, ఆవిడ కంచం తోసేసి అడిగింది.

"గోరు పెట్టి లాగితే నా ఫొటో ఊడొచ్చేది. నువ్వు చూశావు. చూస్తూ ఊరుకున్నావు కదూ?"

"ఊరుకోలేదు వదినా," అంది టీచరు. "తొందరగా ఆరాలని ఫ్యాను వేశాను."

వదిన కంచం దగ్గరికి లాక్కుని, కూరలో ఉప్పెక్కువైందని తిట్టడం మొదలుపెట్టింది. టీచరు చెప్పులు తొడుక్కుని స్కూలుకి బయల్దేరింది.