కంచరి ఇలారియే నోరు విప్పిన రోజు

మురేష్ నది వంపు తిరిగే చోట, ఊరికి ఈ చివర, కంచరి వీధిలో సవేటా ఇల్లు ఎక్కడని ఎవరూ అడగరు. సుత్తి చప్పుడును బట్టే పోల్చుకుంటారు. మిగతా కొలుముల దగ్గర దెబ్బ ఒకసారి గబగబా, ఒకసారి బద్ధకంగా పడుతుంది. సవేటా కొడుకు ఇలారియే దెబ్బ మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తూకంలో పడుతుంది. ఆ చప్పుడు అతనికి వినపడదు. రాగిరేకు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ఇంకా మందంగా ఉందో ఎడమచేతి వేళ్లతో తెలుసుకుంటాడు. ప్లమ్ పళ్ల సారా కాచే కాగు కావాలంటే నాలుగూళ్ల అవతలి నుంచి కూడా అతన్నే వెతుక్కుంటూ వస్తారు.

ఆ సంగతి చెప్పుకోవడం సవేటాకు మహా ఇష్టం. అరవై ఏడేళ్ల మనిషి, సంతలో కొత్తవాళ్లు కనపడితే చాలు, మావాడు చేసిన కాగు ఇరవయ్యేళ్లయినా అతుకు ఊడదని మొదలుపెట్టేది. నీ కొడుకు మాట్లాడడేం అని ఎవరైనా అడిగితే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేది.

ఇలారియేకు మాటలు రాక కాదు. ఆరేళ్లు వచ్చేదాకా వసపిట్టలా వాగేవాడు. తర్వాత చెవులు పోయాయి. మాట మిగిలింది గాని, తన గొంతు తనకే తెలియక, అది ఒకసారి అరుపులా, ఒకసారి గొణుగుడులా వచ్చేది. పదిహేడేళ్లప్పుడు బాబాయి కూతురి పెళ్లిలో గ్లాసు పైకెత్తి పెళ్లికూతురిని దీవించబోతే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు వినపడకపోయినా నవ్వే మొహాలు కనపడతాయి కదా. ఆ రోజు నుంచి ఇంటి నాలుగు గోడల మధ్య తప్ప నోరు విప్పలేదు. బయట అంతా చేతులతో, కనుబొమలతో సరి. ఎదుటివాళ్ల పెదవులు చూసి వాళ్లేమంటున్నారో చదివేవాడు. అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

ఆ ఏడు ఫిబ్రవరిలో వీధిలోకి తట్టు వచ్చింది. ముందు పట్నంలో ఉందన్నారు. తర్వాత ఝంఫీరా అనే ఆవిడ నాలుగేళ్ల కూతురికి కళ్లు ఎర్రబడి, ముక్కు కారి, దగ్గు పట్టుకుంది. నాలుగో రోజుకు చెవుల వెనక మొదలై ఒళ్లంతా ఎర్రగా పేలింది. ఝంఫీరా కిటికీకి ఎర్ర దుప్పటి కట్టి, పిల్లకు ఎర్ర శాలువా చుట్టి కూర్చుంది. వాళ్ల పెద్దలు నేర్పిన మందు అదే. పిల్ల డొక్కలెగరేస్తూ ఊపిరి పీలుస్తుంటే అప్పుడు పరుగుపరుగున ఆసుపత్రికి తీసుకెళ్లారు. న్యుమోనియా అన్నారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు.

ఊరి నర్సు ఒతీలియా మర్నాటి నుంచే ఇంటింటికీ తిరిగింది. తొమ్మిది నెలలు నిండిన పిల్లలందరికీ గురువారం బడిలో టీకా వేస్తామని చెప్పింది. ఆ వీధిలో వేయాల్సిన పిల్లలు ముప్పై ఎనిమిది మంది. గురువారం ఐసు పెట్టె పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటే వచ్చింది ముగ్గురు. అందులో ఇద్దరు సవేటా మునిమనవలే.

కారణం ఫోన్‌లో ఉంది. సవేటా ఎదురింటి కోడలు బ్రిందూషా, ఇరవై రెండేళ్ల పిల్ల. మొగుడు రఫాయిల్ స్పెయిన్‌లో స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేస్తాడు. అతను అక్కడి నుంచి ఒక వీడియో పంపాడు. తెల్లకోటు వేసుకున్న ఎవడో, ఎవరికీ అర్థంకాని భాషలో మాట్లాడుతుంటాడు. కింద అక్షరాల్లో, ఈ సూది వేయిస్తే పిల్లలకు మాట పడిపోతుందని రాసి ఉంటుంది. రెండు రోజుల్లో ఆ వీడియో వీధంతా తిరిగింది. బ్రిందూషా కొడుకు లూచియాన్‌కు పది నెలలు. అప్పుడప్పుడే బాబా, బాబా అంటున్నాడు. ఆ బాబా పోతుందేమోనని ఆమె తలుపు గడియ పెట్టుకుంది.

ఒతీలియా గడప దగ్గర నిలబడి చాలాసేపు నచ్చచెప్పింది. బ్రిందూషా కూడా ఊరుకోలేదు. మేం ఆసుపత్రికి వస్తే కంచరి వీధివాళ్లమని వరండాలోనే నిలబెడతారు, మొహం చూసి మాట్లాడరు, ఇవాళ ఎందుకమ్మా ఇంత ప్రేమ అని అడిగింది. ఎదురుగా గుమ్మంలో ఉన్న సవేటాకు ఆ మాట నిజమే అనిపించింది. ఒతీలియా కూడా కాదనలేదు. తలొంచుకుని, అది తప్పే, కానీ ఆ తప్పుకు నీ బిడ్డ శిక్ష అనుభవించకూడదు అని వెళ్లిపోయింది.

సవేటా తన ఇంటి తలుపు దగ్గరగా వేసుకుని లోపలికి వచ్చింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మొక్కజొన్న సంకటి కెలుకుతుంటే ఇలారియే వచ్చి పక్కన కూర్చున్నాడు. పంపు దగ్గర ఆడవాళ్ల పెదవులు చూశాడట. సూది, మాట, మూగ అన్న ముక్కలు అర్థమయ్యాయి, మిగతాది అర్థం కాలేదు, ఏమిటది అని అడిగాడు. సవేటా కర్ర పక్కన పెట్టి, వీడియో సంగతి మొదటి నుంచీ చెప్పింది. ఇలారియే కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి తల్లి మొహం వంక చూశాడు.

"మనింట్లో జరిగింది వాళ్లకెందుకు చెప్పలేదమ్మా?"

సవేటా నలభై ఏళ్లుగా ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. అది డెబ్బై ఎనిమిది చలికాలం. ఇలారియేకు ఆరేళ్లు, చెల్లెలు రుసలీనాకు ఏడాదిన్నర. ఇద్దరికీ ఒకే వారంలో తట్టు పోసింది. రుసలీనాకు ఊపిరితిత్తులకు పట్టి మూడు రోజుల్లో పోయింది. ఇలారియేకు ఎరుపు తగ్గి, ఇక గండం గడిచిందనుకున్న రోజున జ్వరం తిరగబెట్టింది. ఫిట్స్ వచ్చాయి. రెండు రోజులు కళ్లు తెరవలేదు. మెదడుకు వాపు అన్నారు. కళ్లు తెరిచాక తల్లి పిలుస్తున్నా పలకలేదు. చావింటికి పసిపిల్లల్ని తీసుకెళ్లింది, దాని పాపమే తగిలిందని అప్పట్లో వీధి ఆడవాళ్లు అన్నారు. సవేటా అది నమ్మింది. మరుసటి ఏడే తట్టుకు టీకా వచ్చింది. ఒక్క ఏడాది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమె చేతిలో ఉన్నది పక్కన పెట్టి కూర్చుండిపోయేది.

"నేను చెప్తా," అన్నాడు ఇలారియే.

"నవ్వుతార్రా."

"నవ్వనీ."

సంకటి మాడుతున్న వాసన వస్తే సవేటా మళ్లీ కర్ర అందుకుంది.

మళ్లీ గురువారం ఒతీలియా కారు వీధి మధ్య చేతిపంపు దగ్గర ఆగింది. ఈసారి బడికి పొమ్మని చెప్పకుండా, ముందు ఆడవాళ్లతో మాట్లాడదామని దిగింది. ఇరవై మంది దాకా పోగయ్యారు, వినడానికి కొందరు, దెప్పడానికి కొందరు. బ్రిందూషా పిల్లాణ్ణి చంకనేసుకుని వెనకగా నిలబడింది. అప్పుడు సవేటా ఇంట్లో సుత్తి చప్పుడు ఆగింది. పట్టపగలు ఆ చప్పుడు ఆగడం ఎన్నడూ లేదు కాబట్టి అందరూ అటు తిరిగారు.

ఇలారియే పనిలో నడుముకు కట్టుకునే తోలుగుడ్డ విప్పి గడప మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. పంపు చుట్టూ ఉన్న రాతి గట్టు ఎక్కి నిలబడ్డాడు. సవేటా తలగుడ్డ కొస పళ్ల మధ్య బిగించింది.

"నా పేరు ఇలారియే," అన్నాడు. ఆ మూడు మాటలూ వీధి ఆ చివరి దాకా వినపడేంత గట్టిగా వచ్చాయి. వెనక ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు గిల్లుకుని కిసుక్కున నవ్వారు. అతను వాళ్లను చూశాడు. చూసినట్టు సవేటాకు తెలిసింది. అయినా ఆగలేదు.

"నా గొంతు బాగోదు. తెలుసు. నాకది వినపడదు. మీరే వినాలి, తప్పదు." ఎవరో ముసలావిడ నవ్వింది, కానీ అందులో వెక్కిరింపు లేదు. "నాకు ఒక చెల్లెలు. రుసలీనా. ఏడాదిన్నర. నన్ను 'లాలే' అనేది. మా ఇంట్లో నేను విన్న పసిగొంతు అదొక్కటే. తట్టు దాన్ని తీసుకెళ్లింది. నా చెవులు తీసుకెళ్లింది. ఒకే వారం."

అతను ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"మా అమ్మ గొంతు ఎలా ఉండేదో మర్చిపోయాను. నా పెళ్లాం గొంతు ఎరగను. ముగ్గురు పిల్లలు. ముగ్గురూ మొదటిసారి నాన్నా అన్నారు. నేను పెదాలు చూశాను. అంతే." బ్రిందూషా వైపు వేలు చూపించాడు. "సూది మాట తీసేస్తుందని భయమా? నాకు సూది వెయ్యలేదు. అప్పటికి లేదు. చూడు నన్ను. నా మాట ఎవరు తీశారు?"

సవేటా పళ్ల మధ్య నుంచి తలగుడ్డ కొస వదిలేసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గాని రాలేదు. నలభై ఏళ్లుగా తన కడుపులో దాచుకున్నదాన్ని కొడుకు నడివీధిలో, అందరి మొహాల ముందు నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఎవరూ ఆమె వంక తప్పు పట్టినట్టు చూడటం లేదు. ఆమె తలగుడ్డ సర్దుకుని, జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లి కొడుకు పక్కన నిలబడింది.

"వాడు చెప్పిందంతా నిజం. రుసలీనాను పాతిపెట్టింది ఈ చేతులే. పాపం తగిలిందన్నారు. పాపం కాదు, తట్టు."

బ్రిందూషా ఒతీలియా వైపు తిరిగి, నిజం చెప్పు, ఈ సూదితో అసలేమీ కాదా అని అడిగింది. ఒతీలియా ఏమీ కాదని తేల్చేయలేదు.

"వారం పది రోజులకు ఒళ్లు వెచ్చబడొచ్చు, రెండ్రోజులు. కాస్త ఎర్రగా పేలొచ్చు కూడా. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళయినా సరే, వస్తాను. మాట మాత్రం పోదమ్మా."

బ్రిందూషా ముందుకు వచ్చి, చంకలోని పిల్లాణ్ణి ఇలారియే చేతుల్లో పెట్టింది.

"నువ్వే పట్టుకో బాబాయ్. నా వల్ల కాదు, నేను చూడలేను."

ఇలారియే పిల్లాణ్ణి ఎత్తుకుని బడి వైపు నడిచాడు. సవేటా పక్కనే, ఒతీలియా ఐసు పెట్టెతో వెనకాల. సూది దిగినప్పుడు లూచియాన్ గుక్కపట్టి ఏడ్చాడు. ఏడుపు వినపడకపోయినా, పిల్లాడి రొమ్ము తన రొమ్ముకు ఆనుకుని అదురుతుంటే ఇలారియే తెలుసుకుని, వీపు నిమురుతూ, తనకు తెలిసిన ఏదో పాట లాంటిది గొణిగాడు. రాగం ఎక్కడికీ అతకలేదు. పిల్లాడు మాత్రం ఊరుకున్నాడు.

ఆ రోజు ఇరవై ఏడు మందికి టీకా పడింది. మూడు నాలుగు ఇళ్ల తలుపులు మాత్రం తెరుచుకోలేదు. కిసుక్కున నవ్విన అమ్మాయిల్లో ఒకతె సాయంత్రం తమ్ముణ్ణి తీసుకుని వచ్చింది. ఇలారియే ముందు తలెత్తలేక నిలబడితే, అతను ఆ పిల్లాడి జుట్టు చెరిపి పంపించేశాడు.

తొమ్మిదో రోజున లూచియాన్‌కు జ్వరం వచ్చింది. బ్రిందూషా గోలగోలగా సవేటా ఇంటి మీదికి వచ్చి, మీ మాట విని నా కొడుకును బలి పెట్టానని నానా మాటలూ అంది. స్పెయిన్ నుంచి రఫాయిల్ ఫోన్‌లో అరుస్తున్నాడు. సవేటా ఎదురు మాట్లాడలేదు. ఒతీలియాకు కబురు పెట్టి, తడిగుడ్డ తీసుకుని పిల్లాడి పక్కన కూర్చుంది. ఒతీలియా అరగంటలో వచ్చింది. చూసి, ఇది నేను చెప్పిందే, భయం లేదంది. మర్నాడు మధ్యాహ్నానికి పిల్లాడు పాలల్లో కలిపిన సంకటి రెండు గిన్నెలు లాగించి, బాబా బాబా అంటూ వీధి గడప దాకా పాకాడు. బ్రిందూషా ఫోన్ పిల్లాడి నోటి దగ్గర పెట్టి, విను, నీ కొడుకు మాట పోయిందో లేదో నువ్వే విను అని మొగుడికి వినిపించింది. తర్వాత వచ్చి సవేటా చేతులు పట్టుకుంది. సారీ చెప్పలేదు. రెండు గుడ్లు, ఒక జున్నుముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఝంఫీరా కూతురు పదిహేను రోజులకు ఇంటికొచ్చింది, బాగా చిక్కిపోయి, తల్లి కొంగు వదలకుండా. ఆ వీధిలో మొత్తం నలుగురికి తట్టు సోకింది. అందులో టీకా వేసే వయసు రాని ఐదు నెలల పసిది కూడా ఉంది. దాని కోసం వీధంతా ఊపిరి బిగబట్టింది. అదీ తేరుకుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఒక్క చిన్న శవపేటిక కూడా ఆ వీధి నుంచి కదల్లేదు.

పై ఊళ్లో ఇంకా టీకా అంటే మొహం తిప్పుకుంటున్నారని, ఒకసారి వచ్చి మాట్లాడగలవా అని ఒతీలియా ఇలారియేను అడిగింది. అతను ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. అక్కడివాళ్లకు తనను, అయ్యో పాపం, చెవిటివాడు అని చూపించకూడదు.

ఆదివారం ముగ్గురూ కారులో బయల్దేరారు. సవేటా పెళ్లిళ్లకు కట్టే పూలపూల లంగా కట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. పై ఊరి మొదట్లో జనం మూగితే, ఒతీలియా అతని పేరు చెప్పి, మా జిల్లాలో ఇంతటి కంచరి పనివాడు లేడు, ఒకసారి ఇతని మాట వినండి అంది. ఇలారియే ముందుకు అడుగేసి మొదలుపెట్టాడు. గొంతు ఎప్పటిలాగే అతిగా గట్టిగా వచ్చింది. సవేటా పక్కన నిలబడ్డ ఎవరో ఇల్లాలు ఉలిక్కిపడి, ఎవరమ్మా ఇతను అని అడిగింది.

"నా కొడుకు," అంది సవేటా. "మాట్లాడుతున్నాడు, విను."