అద్దంలో కదిలే చెయ్యి

షట్టరు జారిపడి కుడి మణికట్టు విరిగాక సెలూనాయనకు ఎముక అతుక్కుంది గానీ వేళ్లు మాట వినలేదు. ముప్పై ఏళ్లు కత్తి పట్టిన చెయ్యి చెంచా కూడా పట్టలేకపోయింది. అది బాగుపడకపోతే దుకాణం మూసుకోవడమే. ఆయనకు ఇంకో పని రాదు.

ఆస్పత్రిలో ఫిజియో అమ్మాయి బల్ల మీద ఒక అద్దం నిలబెట్టింది. దెబ్బతిన్న చేతిని దాని వెనక దాచి, ఎడమచేతిని ముందు పెట్టి కదపమంది. అద్దంలోకి చూస్తే కుడిచెయ్యే హాయిగా మూసుకుని తెరుచుకుంటున్నట్టుంది.

"మెదడుకు ఆశ చూపిస్తున్నాం, బాబాయ్."

"అంటే మోసం చేస్తున్నామన్నమాట."

"మంచికే లెండి. కానీ పది నిమిషాలయ్యాక అద్దం తీసేసి, అసలు చేతిని చూస్తూ ఇంకో అయిదు నిమిషాలు చెయ్యాలి. అది మాత్రం మానకండి. నేను చెప్పేదాకా కత్తి జోలికి పోవద్దు."

"నువ్వు చెప్పేదాకా నా గడ్డం కూడా గీసుకోనమ్మా, సరేనా?"

ఇంట్లో మొదటి రెండు రోజులే అద్దం తీశాడు. అసలు చెయ్యి, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా బల్ల మీద పడి ఉండేది. చూడలేకపోయాడు. మూడో రోజు నుంచి తియ్యడం మానేశాడు. పది నిమిషాలు గంటయ్యాయి. ముప్పై ఏళ్లుగా మనుషుల ముఖాల్ని అద్దంలో చూసి పనిచేసినవాడు. ఎదురుగా ఉన్నదాని కంటే అద్దంలో ఉన్నదే ఆయన కంటికి దగ్గర. నాలుగో వారానికల్లా మడిచిన కత్తిని ఎడమచేత పట్టి తిప్పేవాడు. అద్దంలో కుడిచెయ్యి తిరిగేది. వెనక దాగిన వేళ్లలో వెచ్చదనం పాకేది. కదులుతున్నాయనుకున్నాడు. తొంగి చూడలేదు.

ఆరో వారం, ఫిజియో అమ్మాయికి చెప్పకుండా దుకాణం తెరిచాడు. పొద్దున్నే వాళ్లక్క మొగుడు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏరా బావమరిదీ, ఇంకెన్నాళ్లిలా ఎలుగుబంటిలా తిరగమంటావ్? వేరేచోట గీయించుకుంటే మీ అక్క గడప తొక్కనివ్వదట."

"చెయ్యి వచ్చేసింది, బావా."

"నిజంగానా?"

"కూర్చో అంటుంటే."

"సరే. చెవులు మాత్రం మిగుల్చు. మెలెయ్యడానికి మీ అక్కకు కావాలి."

ఎడమచేత్తో నురగ పట్టించాడు. ఆ చేత్తోనే కత్తి విప్పి కుడిచేతి వేళ్ల మధ్య ఇమిడ్చాడు. వేళ్లు పట్టుకున్నాయి. ఆయన గుండె పొంగింది. కత్తిని బావ చెవి కింద ఆనించి, ఎడమచేత్తో చర్మం సాగదీస్తూ అలవాటుగా కళ్లెత్తి అద్దంలోకి చూశాడు.

చెయ్యి కదులుతోంది. మెత్తగా, నిదానంగా, మునుపటిలాగే. వేళ్లలో వెచ్చదనం. బావ ఏదో పెళ్లిలో తిన్న తిండి గురించి చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగిపోయాడు. అద్దంలో బావ కళ్లు పెద్దవై బావమరిదినే చూస్తున్నాయి.

సెలూనాయన తల దించాడు.

కదులుతున్నది చర్మం సాగదీస్తున్న ఎడమచెయ్యి. ఆరు వారాలుగా కదిలే చేతినే కుడిచెయ్యనుకోవడం కళ్లకు అలవాటైపోయింది. అసలు కుడిచెయ్యి పెట్టినచోటే ఉంది. వేళ్లు మాత్రం తెల్లగా బిగుసుకుపోతున్నాయి. కత్తి అంచు కింద నురగ ఎర్రబడుతోంది.

తెరుచుకో అన్నాడు మనసులో. చెయ్యి ఇంకా బిగిసింది.

"బావా, మాట్లాడకు. గుటక కూడా వెయ్యకు."

ఎడమచేత్తో ముందు కుడి మణికట్టును పట్టి, కత్తిని వెంట్రుకవాసి ఎత్తాడు. తర్వాత ఒక్కొక్క వేలూ విప్పాడు. చిటికెన వేలు. ఉంగరం వేలు. బొటనవేలి దగ్గర చెమటకు జారి పట్టు తప్పింది, మళ్లీ పట్టుకున్నాడు. కత్తి నేల మీద పడింది.

బావ మెడకు తువ్వాలు అదుముకుని, సగం ముఖం నురగతోనే లేచాడు. గాయం పైపైదే. ఏదో హాస్యమాడబోయి నోరు తెరిచాడు గానీ, బావమరిది చేతికేసి చూసి మానేశాడు.

ఆ చేతి వేళ్లు, ఆయన అడక్కుండానే, మళ్లీ నెమ్మదిగా ముడుచుకుంటున్నాయి.