ఎడంచేతి గిటారు

నేను ఒక గిటారుని. ప్రస్తుతం నా మకాం ఒక పోలీస్ స్టేషన్ సామాన్ల గది. నా మెడకి అట్టముక్క కట్టి, దాని మీద కేసు నంబరు రాశారు. నా పక్కన ఒక కొడవలి, రెండు గునపాలు, ఎవరిదో సగం కాలిన స్కూటీ ఉన్నాయి. వాటి మీద కానిస్టేబుళ్లు తడిసిన తువ్వాళ్లు ఆరేసుకుంటారు. నా దగ్గరికి మాత్రం రారు. ఊడ్చేటప్పుడు నన్ను చీపురుకర్రతో పక్కకి నెడతారు. కరెంటు లేని గిటారు ఎవర్నీ ఏమీ చెయ్యదు నాయనలారా అని చెబుదామంటే నాకు నోరేదీ?

నేను పుట్టింది బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఒక ఊళ్లో. నన్ను చేసినాయన పేరు సన్యాసాచారి. డెబ్భై దాటిన మనిషి. జీవితంలో వీణ తప్ప ఇంకోటి చెయ్యలేదు. ఆయన వాకిట్లోకి విశాఖపట్నం నుంచి ఎస్తేరు అనే అమ్మాయి కొలతలు గీసిన కాగితాల చుట్ట ఒకటి పట్టుకుని వచ్చింది. కరెంటు గిటారు కావాలంది, అదీ ఎడంచేతి వాటానికి. దుకాణాల్లో అన్నీ కుడిచేతివేనట. తలకిందులుగా పట్టుకుని పదేళ్లు వాయించి విసిగిపోయిందట.

"ఎడంసేత్తో మీటడమేటమ్మా? మా ఇంటా వంటా లేదు," అన్నాడు ఆచారి.

"మా ఇంట్లోనూ లేదు తాతా. అన్నం కూడా కుడిచేత్తోనే తినిపించారు. గిటారు మాత్రం దీనికే లొంగింది," అని ఎడంచెయ్యి ఆయన ముందు చాపింది. ఆయన ఆ వేళ్ల చివర్లు తడిమి చూశాడు. మీటి మీటి గట్టిపడిన చర్మం తగిలింది. కాగితాలు తీసుకున్నాడు.

అటక మీద పన్నెండేళ్లుగా ఎండుతున్న పనస దుంగని నేను. ఏకాండి వీణ కోసం, అంటే అతుకు లేకుండా ఒకే కర్రలో తొలిచే వీణ కోసం, దాచిపెట్టిన దుంగ. ఆయన ఉలి పట్టుకోగానే అలవాటు కొద్దీ నన్ను తొలవబోయాడు. ఎస్తేరు పరిగెత్తుకొచ్చి ఆపింది. లోపల డొల్ల లేకపోతే పాట ఎక్కణ్ణుంచి వస్తాదని ఆయన అనుమానం. కరెంటులోంచి వస్తుందని ఆమె చెబితే ఆయన ఉలి కింద పెట్టేసి నా వైపు ఒకలా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. అప్పటిదాకా నన్ను బిడ్డలా నిమిరిన చెయ్యి, ఆ రోజు నుంచి కొంచెం జంకుతూ తాకేది. అయినా పనిలో లోటు చెయ్యలేదు మహానుభావుడు. అడక్కుండానే నా తల చివర వీణకి చెక్కినట్టే సింహంలాంటి చిన్న యాళి తల చెక్కాడు. ఎస్తేరు దాన్ని చూసి గలగలా నవ్వి, అలాగే ఉండనిమ్మంది.

వైర్ల పనంతా ఎస్తేరే చేసుకుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివిన పిల్ల. నా తీగలన్నిటినీ లోపల ఒక సన్నటి వైరుతో కలిపి, దాన్ని ఆంప్ దాకా, అంటే నా మోత పెంచే పెట్టె దాకా, వెళ్లే ఎర్త్‌కి అంటించింది. ప్రతి కరెంటు గిటారుకీ అంతే, లేకపోతే గుయ్యిమని మోత. ఎర్త్ సవ్యంగా ఉన్నంతసేపూ నా అంత సాధుజీవి లేదు. ఎర్త్ తెగిందా, ఆంప్‌లో కారే కరెంటంతా నా తీగల మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇది నాకు తెలుసు, ఎస్తేరుకి తెలుసు. అందుకే ఆమె సంచిలో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉండేది. ఎక్కడికెళ్లినా ముందు దాన్ని నా తీగ మీద పెట్టేది. అందులో చిన్న బల్బు వెలిగిందంటే, పెళ్లివారు బతిమాలినా ప్రిన్సిపాల్ కోప్పడినా వాయించేది కాదు. పైగా అడుగున రబ్బరు మందంగా ఉన్న బూట్లు వేసుకునే వేదిక ఎక్కేది.

ఆ బల్బు ఎన్నిసార్లు వెలిగిందో చెబితే మీరు నమ్మరు. కాలేజీ ఆడిటోరియంలో వెలిగింది. నగల దుకాణం ప్రారంభోత్సవంలో వెలిగింది. మనుషులు గోడకి మూడు కన్నాల సాకెట్ పెడతారు, ఎర్త్ కోసమున్న మూడో కన్నంలోకి మాత్రం వైరు లాగరు. అడిగితే, ఇన్నాళ్లూ ఏమైందండీ అంటారు. అలా వెలిగిన ప్రతిసారీ నాలోపల సన్నగా జిల్లుమనేది. ఏదో ఒక రోజు ఈ పిల్ల చూసుకోదు, ఆ రోజు నా చేతులమీదుగానే జరుగుతుందని నాకు భయం పట్టుకుంది. ఆమె నన్ను భుజాన వేసుకున్నప్పుడల్లా ఆ భయం నాతో పాటే లేచేది.

ఆంప్ మోసేదీ, వైర్లు పరిచేదీ ఎస్తేరు అన్నయ్య దానియేలు. చెడ్డవాడు కాదు. చెల్లెలంటే ప్రాణం. తొందర మనిషి, అంతే. టెస్టర్ పెట్టి నిలబడే చెల్లెల్ని చూసి, "నీకు చాదస్తం మరీ ఎక్కువైందే," అని నవ్వేవాడు.

ఆ సాయంత్రం ఒక పల్లెలో చర్చివాళ్ల ఉజ్జీవ కూటం, అంటే పెద్ద ప్రార్థన సభ. పొద్దున్న వాన కురిసి మైదానమంతా తడి తడిగా ఉంది. నేల మీదే పట్టాలు పరిచి, వాటి మీద ఎర్ర తివాచీ వేసి వేదిక అన్నారు. తివాచీ పిండితే నీళ్లొచ్చేలా ఉంది. ప్రార్థన వేదిక మీదికి చెప్పులతో ఎక్కరు కదా, ఎస్తేరు బూట్లు విప్పి అంచున పెట్టింది. ఆమె ఉత్త పాదాలు ఆ తివాచీలో దిగబడటం చూసి నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

మైక్‌సెట్ వాళ్ల బోర్డుకి రెండే కన్నాలు. ఆంప్‌ది మూడు కాళ్ల ప్లగ్గు. దానియేలు అటూ ఇటూ చూశాడు. ప్లగ్గు కోసేసి, రెండు వైర్లు కన్నాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చాడు. మిగిలిన పచ్చవైరు, అదే ఎర్త్, చుట్టచుట్టి తివాచీ కిందికి తోశాడు. ఆంప్ మీద ఎర్ర దీపం వెలిగింది. వెంటనే నా తీగల మీద చీమల బారులా కరెంటు పాకింది. ఎన్నడూ లేనంత కరెంటు.

ఎస్తేరు అవతల పాస్టరమ్మ గారి దగ్గర తలవంచి ప్రార్థన చేయించుకుంటోంది. పాస్టరుగారు మైకులో ఆమె పేరు పిలిచేశారు. జనం చప్పట్లు. ఆమె పరుగున వస్తూ అడిగింది.

"అన్నయ్యా, టెస్టర్ పెట్టావా?"

దానియేలు సంచి వైపు చూశాడు. టెస్టర్ సంచి అడుగున ఎక్కడో ఉంది. జనం చూస్తున్నారు.

"చూశానే, అన్నీ బాగున్నాయి. కానీ కానీ," అన్నాడు.

అన్న మాట మీద అనుమానం ఎందుకొస్తుంది? ఆమె నా బెల్టు పట్టుకుని భుజానికి తగిలించుకుంది. అరచెయ్యి నా తీగల మీద పడింది. తల్లీ, తియ్యవే చెయ్యి, అని నేను అరిచాను. నా అరుపు స్పీకర్లలో గుర్రుమని వినిపించింది. జనం పాట మొదలైందనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఆమె వేళ్లు నన్ను బిగించి పట్టేశాయి. కరెంటు అలాగే చేస్తుంది, వదలనివ్వదు. దానియేలు వైర్లు పీకేసరికి ఆలస్యమైపోయింది. నాతో సహా పక్కకి ఒరిగిపోయింది ఎస్తేరు. అంత మంచి చెయ్యి అది. నా మీద అంత చక్కగా ఆడిన చెయ్యి ఇంకోటి లేదు, ఉండబోదు.

వారం తిరిగాక ఎస్సైగారు అందర్నీ స్టేషన్‌కి పిలిపించారు. ఎర్త్ ఎవరు చూశారని అడిగారు. దానియేలు గెడ్డం మాసి, సగమైపోయాడు. "నేనే చూశానండీ. అంతా బాగానే ఉంది. గిటారులోనే ఏదో లోపం ఉండుంటుంది," అన్నాడు. తమ బోర్డు మాట రాకుంటే చాలని మైక్‌సెట్ వాళ్లు అదే మాటకి తలాడించారు.

సన్యాసాచారి బస్సులు మారి వచ్చాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. స్టేషన్‌లో నన్ను భయం లేకుండా ముట్టుకున్నది ఆయనొక్కడే. వెనక మూత తీసి, తనకి అర్థం కాని ఆ వైర్లకేసి చాలాసేపు చూశాడు. తర్వాత దానియేలు దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, నువ్వు సూసినావు కదా. అంతా సరిగ్గానే ఉంది కదా?"

దానియేలు పెదవులు కదిలాయి. ఇప్పుడైనా చెబుతాడని నేను ఎదురుచూశాను.

"చూశాను తాతా," అన్నాడు.

"అయితే నా సేతిలోనే దోసం ఉంది. రాసుకోండి బాబూ," అని ఎస్సైగారికి చెప్పాడు ముసలాయన. సంతకం పెట్టాడు. వెళ్లేటప్పుడు దానియేలు కాళ్ల మీద పడి, నీ సెల్లిని నేనే సంపేసేను, సమించు నాయనా అని ఏడ్చాడు. దానియేలు ఆయన్ని లేవదీశాడు గానీ, కాదని మాత్రం అనలేదు.